పాతిక లక్షల హామీ, పది రూపాయల పద్దు

మీ ప్రశ్న – నా లెక్క

ట్రెజరీలో జూనియర్ అకౌంటెంట్‌గా చేరి, 33 ఏళ్లు పనిచేసి, సబ్ ట్రెజరీ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఉంటున్నాను. ప్రభుత్వ డబ్బు ఎక్కడ బయల్దేరుతుందో, ఏ బల్ల మీద ఆగిపోతుందో ఉద్యోగమంతా చూశాను కాబట్టే ఈ శీర్షిక నాకు అప్పగించారు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి అడిగాయి. పార్టీలు ఆరోగ్యానికి ఇస్తామన్న డబ్బు మన ఆసుపత్రి దాకా వస్తోందా అని. అందుకని మిగతావన్నీ వచ్చే నెలకి ఉంచాను. పింఛను ప్రశ్నలు పంపినవాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అమ్మా, మా ఆయన తాపీ మేస్త్రి. కిడ్నీలో రాళ్లకి ఆపరేషన్ అయింది. వైద్యసేవ కార్డు మీద చేశారు, ఆసుపత్రికి పైసా కట్టలేదు. కానీ ఆయనకి సుగరు, బీపీ ఉన్నాయి. ఆ మాత్రలకి, రక్తపరీక్షలకి నెలకి 1,800 దాకా అవుతోంది. రెండు పార్టీలూ పాతిక లక్షలు అన్నాయి కదా. ఆ పాతిక లక్షల్లోంచి నా 1,800 ఎందుకు రావు?
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు మీ ఇంటి సంగతి చూద్దాం. సుగరు, బీపీ మాత్రలు మీ దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇవ్వాలి. ఏ కేంద్రం మీ పరిధిలోకి వస్తుందో మీ వార్డు ఏఎన్ఎమ్‌ని అడగండి. ఆయన పేరు అక్కడ రాయించండి. ఒకసారి వెళ్తే స్టాకు లేదంటారేమో, విసుగు పడి మానేయకండి, రెండోసారి వెళ్లండి. ఆపరేషన్ తర్వాత చూపించుకోవలసినవి ఏమైనా ఉంటే, ఆపరేషన్ అయిన చోట ఉండే ఆరోగ్యమిత్రని అడిగి అవి ప్యాకేజీలో ఉన్నాయో లేదో తెలుసుకోండి.

ఇక పాతిక లక్షలు. ఆ డబ్బు మీ పేరున ఎవరూ బ్యాంకులో వేయలేదమ్మా. అది హద్దు. ఆసుపత్రిలో చేరి, జాబితాలో ఉన్న చికిత్స చేయించుకుంటే, ఏడాదిలో అంతదాకా ప్రభుత్వం భరిస్తుందని అర్థం. మంచం ఎక్కకుండా ఇంట్లో ఉండి రోజూ మింగే మాత్ర ఆ జాబితాలోకి రాదు. కానీ మన ఇళ్లలో డబ్బు కారిపోయేది ఎక్కువగా ఆ మాత్రల దగ్గరే.

ఈ పథకాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. 2007 ఏప్రిల్‌లో రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం దీన్ని ఆరోగ్యశ్రీ పేరుతో మొదట మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో పెట్టింది. అప్పుడు నేను విజయనగరంలో పనిచేస్తున్నాను. పక్క జిల్లాలో తెల్లకార్డు మీద గుండె ఆపరేషన్లు అవుతుంటే మా ఆఫీసు అటెండరు రోజూ నా బల్ల దగ్గరకి వచ్చి "మన జిల్లాకి ఎప్పుడొస్తుందమ్మా" అని అడిగేవాడు. వాళ్ల పాపకి పుట్టుకతో గుండెలో రంధ్రం. పథకం విజయనగరం వచ్చాక ఆ పాపకి ఆపరేషన్ అయింది. ఇప్పుడు పెళ్లయి ఒక బిడ్డ కూడా. ఆ కార్డు లేకపోతే ఆ పిల్ల లేదు.

అయితే అప్పటినుంచీ పార్టీల పోటీ అంతా ఆ హద్దు మీదే జరిగింది. 2 లక్షలతో మొదలైంది. 2014 తర్వాత పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2019లో వైఎస్సార్‌సీపీ, ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్న ప్రతి కుటుంబానికీ, బిల్లు వెయ్యి దాటితే చాలు అని హామీ ఇచ్చి, పాత పేరు తిరిగి తెచ్చింది. 2023 డిసెంబరులో హద్దుని 25 లక్షలు చేసింది. 2024 ఎన్నికల్లో టీడీపీ కూటమి కూడా 25 లక్షల బీమా అంది, గెలిచాక మళ్లీ వైద్యసేవ పేరు పెట్టింది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం, రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ ద్వారా, ఆపైన 25 లక్షల దాకా వైద్యసేవ ట్రస్టు ద్వారా ఇవ్వాలని, 1.63 కోట్ల కుటుంబాలకి వర్తింపజేయాలని ఆమోదించింది.

హద్దు పెరగడం వేరు, బిల్లు పాసవడం వేరు. బకాయిలు రాలేదని ఈ పథకంలో ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రులు 2024 మేలో సేవలు ఆపాయి, 2025 అక్టోబరులో మళ్లీ ఆపాయి. రెండోసారి సుమారు 2,700 కోట్లు రావాలని వాళ్ల సంఘం చెప్పింది. మొదటిసారి ఒక పార్టీ ప్రభుత్వం, రెండోసారి ఇంకొకటి. ఆ రోజుల్లో ఆపరేషన్ తేదీ ఉన్న ఇంట్లో ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించండి. కార్డు మీద 25 లక్షలు అని రాసి ఉంటుంది, కౌంటరులో మనిషి మాత్రం "సారీ అండీ" అంటాడు.

మీ మాత్ర, మీ ఏఎన్ఎమ్ జీతం, మన పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో దుప్పటి, ల్యాబులో రసాయనం, ఇవన్నీ వేరే పద్దులోంచి వస్తాయి. లెక్కల భాషలో దాన్ని 2210 అంటాం, వైద్యం, ప్రజారోగ్యం అని. మైకులో ఎవరూ ఈ నంబరు చెప్పరు. మీ వీధిలోకి ఓటు అడగడానికి వచ్చినవాళ్లని పాతిక లక్షల సంగతి అడగకండమ్మా, దాని మీద అందరూ ఒప్పుకున్నారు. "మా ఆరోగ్య కేంద్రంలో సుగరు మాత్ర పన్నెండు నెలలూ ఉండాలంటే ఎంత డబ్బు కావాలి, మీరు ఎంత పెడతారు" అని అడగండి.

ప్రశ్న: ఆర్యా, నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పాత పేపరు కటింగులు దాచడం నాకు అలవాటు. 2004 నాటి ఒక కటింగులో ఆరోగ్యానికి జీడీపీలో 2 నుంచి 3 శాతం ఖర్చు చేస్తామని ఉంది. ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఎంతకి వచ్చాం?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సీతమ్మధార

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ దగ్గర ఉన్నది యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమం కటింగు. ఐదేళ్లలో 2–3 శాతానికి తెస్తామని అందులో రాశారు. తర్వాత 2017లో ఎన్డీఏ ప్రభుత్వం జాతీయ ఆరోగ్య విధానం తెచ్చి, 2025 నాటికి 2.5 శాతం అంది. 2019 ఎన్నికల్లో కాంగ్రెస్ 2023–24 నాటికి 3 శాతం చేస్తామంది. ఇంకా వెనక్కి వెళ్తే, స్వాతంత్ర్యానికి ముందు 1946లో భోర్ కమిటీ, ప్రభుత్వాలు తమ మొత్తం ఖర్చులో 15 శాతం దాకా ఆరోగ్యానికి పెట్టాలని సిఫారసు చేసింది.

ఇప్పుడు అసలు లెక్క. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021–22లో కేంద్రం, రాష్ట్రాలు కలిపి పెట్టిన ఖర్చు జీడీపీలో 1.84 శాతం. అది కోవిడ్ ఏడాది కూడాను. 2013–14లో 1.15 శాతమే ఉండేది, కాబట్టి పెరిగిన మాట నిజం. జనం జేబులోంచి పోయేది కూడా తగ్గింది. 2013–14లో దేశంలో వైద్యానికి అయ్యే ప్రతి 100 రూపాయల్లో 64 రూపాయలు రోగి జేబువే. 2021–22లో 39. తగ్గినందుకు సంతోషమే. కానీ 39 రూపాయలు అంటే మన గాజువాక అమ్మగారి 1,800 లాంటివే. పుస్తెలు తాకట్టు పెట్టేది ఆ 39 దగ్గరే.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి మన రాష్ట్రం లెక్క ఇద్దరం కలిసి చేద్దాం. ఆరోగ్యం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో ఉన్న అంశం. కేంద్రాన్ని తిట్టి ఊరుకుంటే సరిపోదు. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి ఇవ్వాలని 2017 విధానమూ అంది, 15వ ఆర్థిక సంఘమూ 2022 నాటికి చేయమంది. 2025–26లో ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ సుమారు 3.22 లక్షల కోట్లు. అందులో వైద్య ఆరోగ్యానికి 19,264 కోట్లు. భాగిస్తే 6 శాతం దగ్గర ఆగుతుంది. 8 శాతం చేయాలంటే దాదాపు 25,800 కోట్లు కావాలి. తేడా 6,500 కోట్ల పైమాటే.

కోట్లు చెప్తే మనసుకి ఎక్కదు. రాష్ట్ర జనాభా 5 కోట్ల పైన అనుకుని ఆ 19,264 కోట్లని పంచండి. ఏడాదికి మనిషికి 3,700 రూపాయలు అటూ ఇటూ. 365తో భాగించండి. రోజుకి పది రూపాయలు. జగదాంబ దగ్గర ఇప్పుడు ఒక టీ కూడా ఆ ధరకి దొరకడం కష్టం. ఆ పది రూపాయల్లోనే మీ ఊరి నర్సు జీతం, 108 బండి డీజిలు, వైద్యసేవ బిల్లు, పాము కాటు మందు, కేజీహెచ్‌లో లిఫ్టు రిపేరు, అన్నీ రావాలి.

కేజీహెచ్ అన్నాను కాబట్టి ఒక మాట. 1923లో మొదలైన ఆ ఆసుపత్రి కొండ ఎక్కి ఏ పొద్దున్నయినా ఓపీ దగ్గర నిలబడండి. ఇచ్ఛాపురం మాట, పాడేరు మన్యం మాట, ఒడిశా కోరాపుట్ వైపు మాట, మూడూ వినిపిస్తాయి. విశాఖ జిల్లా జనాభాని చూసి దానికి డబ్బు ఇస్తే ఎలా సరిపోతుంది? హనుమంతవాకలో విమ్స్ ఆసుపత్రి ఉంది కదా అంటారు. విమ్స్ కూడా అనుకున్న చాలా ఏళ్లకి, 2016లో తెరుచుకుంది. గోడలు లేచాయి, డాక్టర్ల పోస్టుల కోసం ఆ తర్వాత కూడా ఎదురుచూశాం. భవనం పద్దు వేరు మాస్టారూ, అది 4210. శంకుస్థాపన ఫొటో దానికే వస్తుంది. నర్సు జీతం 2210. దానికి రిబ్బను కత్తిరించేవాళ్లు ఉండరు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఆటో నడుపుతాను. ఆటోలో ఎక్కినవాళ్లతో రాజకీయాలు మాట్లాడతాను. ఒకడు "ఆరోగ్యానికి వేల కోట్లు ఇచ్చారు" అంటాడు, ఇంకొకడు "ఏమీ ఇవ్వలేదు" అంటాడు. ఇద్దరూ పేపరు చూపిస్తారు. ఎవరిది నిజం? ఎలా తెలుసుకోవాలి?
– ఆటో డ్రైవరు, పెదగంట్యాడ

జవాబు: బాబూ, చాలాసార్లు ఇద్దరిదీ నిజమే. వాళ్లు చూపించే కాగితాలు వేరు.

ఫిబ్రవరి, మార్చిలో అసెంబ్లీలో చదివేది బడ్జెట్ అంచనా. అంటే ఇంత ఇద్దామనుకుంటున్నాం అని. ఏడాది చివర్లో అదే పద్దుని సవరిస్తారు, సవరించిన అంచనా అంటారు. నిజంగా ఎంత ఖర్చయిందన్నది లెక్కలు మూసి, వాటిని తనిఖీ చేసే కాగ్ చూశాక బయటికి వస్తుంది. అప్పటికి ఒక ఏడాదో రెండేళ్లో గడిచిపోతాయి, జనం మర్చిపోతారు. ఇచ్చామనేవాడు మొదటి కాగితం చూపిస్తాడు, ఇవ్వలేదనేవాడు చివరిది చూపిస్తాడు. వచ్చే ఏడాది బడ్జెట్ పుస్తకంలో మొదటి రెండూ ఒకే వరసలో పక్కపక్కనే ఉంటాయి, అసలు ఖర్చు ఆ తర్వాతి ఏడాది పుస్తకంలో ఉంటుంది. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో పెడతారు. రెండు పుస్తకాల్లోనూ వైద్యం పద్దు తీసి, ఆ ఒక్క వరస చదవండి. ఏ ఉపన్యాసమూ అంత సూటిగా చెప్పదు.

కానీ నేను అసలు చెప్పాలనుకున్నది దాని మధ్యలో జరిగేది. బడ్జెట్‌లో పేరు ఉన్నంత మాత్రాన డబ్బు రాదు. విడుదల ఉత్తర్వు రావాలి. అది వచ్చాక ఆసుపత్రి అధికారి బిల్లు పెట్టాలి. ట్రెజరీ పాస్ చేయాలి. 2018 నుంచి ఇదంతా సీఎఫ్ఎంఎస్ అనే కంప్యూటరు పద్ధతిలో నడుస్తోంది. పాస్ చేశాక కూడా ఖజానాలో డబ్బు ఉంటేనే చెల్లింపు. మార్చి 31 రాత్రికి ఖర్చు కాని బడ్జెట్ మురిగిపోతుంది. ఏప్రిల్ 1న మళ్లీ మొదటికి.

దీన్ని నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 1996 మార్చి చివరి వారం. నేను ఉద్యోగంలో చేరి ఐదేళ్లు. నా బల్ల మీదకి ఒక ప్రభుత్వ ఆసుపత్రి బిల్లు వచ్చింది. స్థానికంగా కొన్న సామాను. దూది, గ్లౌజులు, సెలైన్ సెట్లు, స్పిరిటు. ఆ పద్దులో బడ్జెట్ అయిపోయింది. రూలు ప్రకారం అబ్జెక్షన్ స్లిప్పు పెట్టి తిప్పి పంపాను. ఆ వారంలో అలాంటివి ఎన్నో పంపి ఉంటాను. సంతకం చేసేటప్పుడు తల కూడా ఎత్తలేదు.

మే నెలలో మా అమ్మ బావి గట్టు మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. అదే ఆసుపత్రిలో చేర్చాం. రాత్రి తొమ్మిదింటికి నర్సు చీటీ రాసి చేతిలో పెట్టింది. దూది, గ్లౌజులు, సెలైన్ సెట్. "బయట తెచ్చుకోండమ్మా, సప్లయరు పాత బిల్లు రాలేదని ఇవ్వడం మానేశాడు" అంది. నేను వెనక్కి పంపిన బిల్లు అదేనని ప్రమాణం చేసి చెప్పలేను. కానీ ఆ మూడు పేర్లూ అదే వరసలో ఉన్నాయి.

మొత్తం 180 రూపాయలు అయింది. నా దగ్గర ఉన్నాయి. పక్క మంచం మీద మన్యం నుంచి వచ్చిన ఒక ముసలాయన. తోడు పన్నెండేళ్ల మనవడు. ఆ పిల్లాడి చేతిలోనూ అలాంటి చీటీయే ఉంది. వాడు మెట్ల మీద కూర్చుని ఆ కాగితాన్ని చదవడానికి ప్రయత్నిస్తున్నాడు, ఇంగ్లీషు అక్షరాలు రావు. నేను మందుల షాపుకి వెళ్లేటప్పుడు వాణ్ణి కూడా తీసుకెళ్లి రెండు సెట్లు కొన్నాను. తిరిగి వస్తూ వాడు అడిగాడు: "ఇది గవర్నమెంటాసుపత్రే కదా?" నేను గవర్నమెంటు ఉద్యోగినని వాడికి చెప్పలేకపోయాను.

నా సంతకం తప్పు కాదు బాబూ. బడ్జెట్ లేకుండా బిల్లు పాస్ చేస్తే అది రూలుకి విరుద్ధం. తప్పు ఎక్కడ ఉందంటే, ఏడాది మొత్తానికి సరిపడే డబ్బు ఆ పద్దులో పెట్టకపోవడంలో, పెట్టినది కూడా సమయానికి వదలకపోవడంలో. అప్పటినుంచి రిటైరయ్యే దాకా ఒక పని చేశాను. జనవరి మొదటి వారంలోనే మా పరిధిలోని ప్రతి ఆసుపత్రికీ ఫోన్ చేసి, మీ మందుల పద్దులో ఇంత మిగిలింది, అదనపు బడ్జెట్‌కి ఇప్పుడే రాయండి అని చెప్పేదాన్ని. ఇది నా డ్యూటీలో లేదు. కొందరు ఇబ్బందిగా చూశారు కూడా.

తమిళనాడు ఈ పనిని ఒక వ్యవస్థగా చేసింది. 1994లో మందుల కొనుగోలుకి ప్రత్యేకంగా కార్పొరేషన్ పెట్టి, ప్రతి ఆసుపత్రికీ పాస్‌బుక్ ఇచ్చి, నీ ఖాతాలో ఇంత ఉంది, నీకు కావలసినది తీసుకో అంది. అక్కడ పార్టీలు మారినా ఆ కార్పొరేషన్ ఆగలేదు. మనకీ మందులు కొనే ప్రభుత్వ కార్పొరేషన్ ఏపీఎంఎస్ఐడీసీ ఉంది. దాని బకాయిలు ఎప్పటికప్పుడు తీరుస్తామని ఏ పార్టీ అయినా మేనిఫెస్టోలో ఒక్క వాక్యం రాస్తే, నేను ఆ వాక్యాన్ని అద్దం కట్టించి గోడకి పెట్టుకుంటాను.

ప్రశ్న: ఆంటీ, నేను నీట్‌కి చదువుతున్నాను. మా నర్సీపట్నం మెడికల్ కాలేజీ పీపీపీలో ఇస్తున్నారని ఒకరు గొడవ, లేకపోతే పూర్తి కాదని ఇంకొకరు. నాన్నగారు ఒక పార్టీ, మావయ్య ఇంకో పార్టీ. మీరైనా నిజం చెప్పండి.
– ఇంటర్ విద్యార్థిని, నర్సీపట్నం

జవాబు: తల్లీ, జరిగినది చెప్తాను, తర్వాత నా అభిప్రాయం కూడా దాచను.

గత ప్రభుత్వం 17 కొత్త మెడికల్ కాలేజీలు అనుకుంది. 2023 సెప్టెంబరులో ఐదు మొదలయ్యాయి: మన విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల. పాడేరులో 2024లో తరగతులు మొదలయ్యాయి. మిగిలినవాటిలో పదింటిని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టి నడపాలని 2025 సెప్టెంబరులో ఇప్పటి ప్రభుత్వం నిర్ణయించింది. ఆ పదిలో మీ నర్సీపట్నం, పార్వతీపురం ఉన్నాయి. ఇలా చేస్తే త్వరగా పూర్తవుతాయని, ఖజానా మీద భారం తగ్గుతుందని ప్రభుత్వం అంటోంది. ఇది ప్రైవేటుకి అప్పగించడమేనని వైఎస్సార్‌సీపీ కోటి సంతకాలు సేకరించింది.

మీ నాన్నగారికీ మావయ్యకీ ఇద్దరికీ చెప్పవలసిన సంగతి ఒకటుంది. 2023లో ఆ కొత్త ప్రభుత్వ కాలేజీల్లోనే సగం సీట్లని ఎక్కువ ఫీజుల సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్ఆర్ఐ కోటాకి ఇస్తూ ఉత్తర్వులు వచ్చాయి. కాలేజీ నడపడానికి డబ్బు కావాలి, ఖజానా మొత్తం పెట్టదు, కాబట్టి ఫీజుల్లోంచి తీద్దాం అన్నది దాని వెనుక ఆలోచన. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న టీడీపీ, అధికారంలోకి వస్తే ఆ ఉత్తర్వులు రద్దు చేస్తామంది. ఇప్పుడు తనే భాగస్వాముల కోసం చూస్తోంది. రెండు చోట్లా అడ్డం పడింది ఒకటే. ఏటా కాలేజీ, దానికి కట్టిన ఆసుపత్రి నడవడానికి అయ్యే డబ్బు ఎవరు పెడతారన్నది. హామీ ఇచ్చేటప్పుడే దాన్ని లెక్క కట్టి చెప్పలేదు.

నా అభిప్రాయం అడిగావు. బోధనాసుపత్రి ప్రభుత్వం చేతిలోనే ఉండాలని నేను నమ్ముతాను. కాలేజీ వస్తే నీలాంటి పిల్లలకి సీటు వస్తుంది, అది పెద్ద విషయమే. కానీ చింతపల్లి, కొయ్యూరు వైపు నుంచి రాత్రిపూట కాన్పు కష్టమైన మనిషిని మోసుకొస్తే దిక్కయ్యేది దాని ఆసుపత్రి. ఆ వచ్చినామెని కార్డు అడగకుండా లోపలికి తీసుకునే తలుపు కావాలి. 15 ఏళ్లకి డబ్బు ఎలా వస్తుందో ఏ పార్టీ రాసి చూపిస్తే ఆ పార్టీ మాట నేను వింటాను. కోటి సంతకాలు పెట్టించిన పార్టీ కూడా, మేం వస్తే ఏటా ఇంత పెడతాం అని అంకె చెప్పాలి.

నువ్వు బాగా చదువుకో తల్లీ. సీటు వచ్చాక ఒక కార్డు ముక్క రాయి.

ప్రశ్న: మేనిఫెస్టోలో రాసి చేయకపోతే కోర్టుకి వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, డాబా గార్డెన్స్

జవాబు: వెళ్లి గెలవడం కష్టమండీ. 2013లో సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు, మేనిఫెస్టో హామీలు ఎన్నికల చట్టంలోని అవినీతి చర్య కిందికి రావని చెప్పింది. అయితే మేనిఫెస్టోలకి నియమాలు పెట్టమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. ఆ ప్రకారం ఎన్నికల ప్రవర్తన నియమావళిలో ఒక భాగం చేరింది. హామీకి కారణం ఏమిటో, డబ్బు ఎక్కడినుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలని అందులో ఉంది. ఆ స్థూలంగా అన్న మాట దగ్గరే అందరూ తప్పించుకుంటున్నారు. కోర్టుకి అయ్యే ఖర్చు, తిరుగుడు కంటే, ఎన్నికల ముందు ఆ నియమం చూపించి అడగడం మేలు.

ప్రశ్న: అక్కా, మా వార్డు ఆరోగ్య కేంద్రానికి ఏడాదికి మందులకి ఎంత వస్తుందో మాలాంటి వాళ్లు తెలుసుకోవచ్చా? ఎవరిని అడగాలి? నేను పదో తరగతి దాకా చదివాను.
– మత్స్యకార యువకుడు, పెదజాలరిపేట

జవాబు: తమ్ముడూ, తప్పకుండా తెలుసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయి. ప్రజా సమాచార అధికారి, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయం, విశాఖపట్నం అని పైన పెట్టు. 10 రూపాయల ఫీజు, పోస్టలార్డరు జత చేయొచ్చు. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నట్టు కార్డు ఉంటే జిరాక్స్ జత చేయి, ఫీజు అక్కర్లేదు. నువ్వు తప్పు ఆఫీసుకి పంపినా సరైన ఆఫీసుకి వాళ్లే పంపాలి. ఎందుకు అడుగుతున్నావని నిన్ను అడగకూడదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే పై అధికారికి అప్పీలు.

అయితే "ఎంత డబ్బు" అని అడగకు. మీ కేంద్రానికి మందులు డబ్బుగా రావు, జిల్లా మందుల గోడౌన్ నుంచి పెట్టెలుగా వస్తాయి. కాబట్టి ఇలా అడుగు: గత పన్నెండు నెలల్లో మా కేంద్రం నెలవారీగా ఏ మందు ఎంత కావాలని ఇండెంట్ పెట్టింది, అందులో ఎంత సప్లయి అయింది, ఏ మందు ఎన్ని రోజులు స్టాకు లేదు. ఈ లెక్కంతా ఈ-ఔషధి అనే కంప్యూటరు పద్ధతిలో ఎక్కుతుంది, కాబట్టి లేదనడానికి వీల్లేదు. ఇంకో వాక్యం కలుపు: మంజూరైన పోస్టులు ఎన్ని, అందులో ఇప్పుడు మనుషులు ఉన్నవి ఎన్ని.

మీ కేంద్రంలో పనిచేసే నర్సమ్మ మీద కోపంతో ఇది చేయకు. ఇండెంట్ పెట్టినా మందులు రాక, జనం చేత మాటలు పడేది ఆమే. రాసే ముందు ఆమెకి ఒక మాట చెప్పు, ఏ మందులకి ఇబ్బంది ఉందో ఆమే చెప్తుంది.

స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. జవాబు వచ్చాక ఒక జిరాక్స్ ఈ శీర్షికకి పంపు. అంకెలు అర్థం కాకపోతే నేను కూర్చుని చూసి, వరసగా రాసి నీకు తిరిగి పంపుతాను.